రెండు లింకులు తక్కువ

షెర్మన్ ట్యాంకు మోడల్‌కి ట్రాకులు మార్చాలనుకున్నప్పుడు నేను చూసినవి రెండే: ధర, పేరు. ఖరీదైనవి మంచివనీ, నలుగురూ మెచ్చుకున్నవి నా బండికీ నప్పుతాయనీ నమ్మాను. ఏ బండికి కొంటున్నానో, ఆ బండి ఏ నేల మీద నడిచిందో ఆలోచించనే లేదు. డబ్బు పోయినందుకు పెద్దగా బాధ లేదు. ఎంతో ఇష్టపడి మొదలుపెట్టిన పనిని, మధ్యలో తప్పు అర్థమయ్యాక కూడా ఆపకుండా, నా చేతులతో నేనే చెడగొట్టుకున్నాను. అదే ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఆ ట్యాంకు మీద అంత ఇష్టం ఎందుకో చెప్పాలి. బ్రిటిష్ సైన్యం షెర్మన్ ఫైవ్ అని పిలిచిన రకం అది. అమెరికా వాళ్ల లెక్కలో ఎం4ఏ4. 1945 మార్చిలో బర్మాలోని మెయిక్‌టీలాను జపాన్ సైన్యం నుంచి పట్టుకున్నప్పుడు 255వ ఇండియన్ ట్యాంక్ బ్రిగేడ్ ఈ షెర్మన్లతోనే ముందుకెళ్లింది. ఆ బ్రిగేడ్‌లో రాయల్ దక్కన్ హార్స్ ఒక రెజిమెంటు. 1790లో హైదరాబాద్ నిజాం కొలువులో గుర్రపు దళంగా పుట్టిన పటాలం అది. గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చినా పేరులో దక్కన్ అలాగే ఉండిపోయింది. మన నేల పేరు పెట్టుకున్న పటాలం ఇరావతి నది దాటి, పొడినేలల మీదుగా మెయిక్‌టీలాకు వెళ్లిందని చదివిన రోజునే ఆ బండి కట్టాలని అనుకున్నాను.

కిట్‌తో పాటు వచ్చే ట్రాకు మెత్తని వినైల్ పట్టీ. రెండు చివర్లూ కలిపి అతికించి చక్రాల చుట్టూ తొడగడమే. దాన్ని చూడగానే నాకు చిన్నతనంగా అనిపించింది. పెద్ద మోడలర్లు అందరూ లోహపు ట్రాకులే వాడతారని అప్పటికే చెవిన పడింది. తెల్లలోహంతో పోతపోసిన లింకులు, ఒక్కోదానికీ సన్నటి డ్రిల్లుతో రంధ్రం సరిచేసి, తీగముక్క దూర్చి గొలుసు కట్టుకోవాలి. కస్టమ్స్ సుంకంతో కలిపి వాటి ధర కిట్ ధరను దాటిపోయింది. పెట్టె మీద ‘షెర్మన్’ అని ఉంది. నాకు అది చాలింది.

చాలదని చాలా ఆలస్యంగా తెలిసింది. షెర్మన్ అనేది ఒక్క బండి కాదు. ఎం4ఏ4ని క్రిస్లర్ కంపెనీ 1942లో డెట్రాయిట్ దగ్గర తయారుచెయ్యడం మొదలుపెట్టింది. విమానం ఇంజన్లకి కొరత ఉండటంతో అయిదు కారు ఇంజన్లను ఒకే చట్రం చుట్టూ బిగించి, ముప్ఫై సిలిండర్ల యంత్రం ఒకటి తయారుచేశారు. ఆ యంత్రం పాత షెర్మన్ పొట్టలో పట్టలేదు. అందుకని బండిని 11 అంగుళాలు పొడుగు చేశారు, కింది చక్రాల జతలైన బోగీల మధ్య ఎడం పెంచారు. బండి పెరిగితే ట్రాకూ పెరగాలి. మామూలు షెర్మన్‌కి ఒక్కో వైపు 79 లింకులు, ఎం4ఏ4కి 83. ఒక్కో లింకు ఆరంగుళాలు. పైనా కిందా కలిపి 22 అంగుళాల ఎక్కువ దూరం చుట్టి రావడానికి నాలుగు లింకులు, అంటే 24 అంగుళాలు కావాలి. కాగితం మీద ఈ లెక్క ఒక్క నిమిషం పని. నేను ఆ నిమిషం పెట్టలేదు.

నేను కొన్నది మామూలు షెర్మన్ సెట్టు. విడిగా ఇచ్చిన కొద్ది లింకులూ కలిపి కుడివైపు 83 కట్టేశాను. ఎడమవైపు 81 దగ్గర అయిపోయాయి. 1/35 స్కేలులో ఒక్కో లింకు 4.35 మిల్లీమీటర్లు. అంటే ట్రాకు చివర్ల మధ్య తొమ్మిది మిల్లీమీటర్ల దాకా ఖాళీ. చిటికెన వేలు గోరంత ఖాళీ. అక్కడ ఆగిపోయి ఉంటే సరిపోయేది. ఆగలేదు.

వెనకవైపు ఐడ్లర్ చక్రం ఉంటుంది. అసలు ట్యాంకులో ట్రాకు బిగువు సరిచెయ్యడానికి దాన్ని కొంచెం ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలు ఉంటుంది. అది గుర్తొచ్చి, ‘జరిపితే తప్పేముంది’ అనుకున్నాను. బ్లేడుతో ఐడ్లర్ చేతిని కోశాను, ఆకురాయితో అరగదీశాను, చక్రాన్ని నాలుగు మిల్లీమీటర్లకు పైగా ముందుకు జరిపి అతికించాను. రెండు పక్కలూ ఒకేలా కనిపించాలి కదా అని కుడివైపు కూడా అలాగే చేసి, చక్కగా కట్టిన 83లోంచి రెండు లింకులు ఊడదీశాను. ఇప్పుడు రెండు పక్కలా 81. ఏ షెర్మన్‌కీ లేని లెక్క అది. క్రిస్లర్ ఇంజనీర్లు పెంచిన 11 అంగుళాలు ఈ స్కేలులో ఎనిమిది మిల్లీమీటర్లు. ఆ బండిని మామూలు షెర్మన్ల నుంచి వేరుచేసే ఎనిమిది మిల్లీమీటర్లలో సగానికి పైగా నేను వెనక చక్రం దగ్గర తీసేశాను. పైగా లోహపు గొలుసు బిగుసుకుని ప్లాస్టిక్ ఇరుసును లాగుతూనే ఉండేది. కొన్నాళ్లకి ఎడమ ఐడ్లర్ అతుకు విడిపోయి చక్రం వంగిపోయింది.

అసలు ఆ లోహం బరువు షెర్మన్‌కి అవసరమే కాదు. లోహపు ట్రాకుల గొప్పతనం వేలాడటంలో ఉంది. జర్మన్ టైగర్ ట్యాంకుకి ట్రాకు పైభాగాన్ని మోసే చిన్న చక్రాలు, రిటర్న్ రోలర్లు, ఉండవు. 725 మిల్లీమీటర్ల వెడల్పు ట్రాకు తన బరువుకి తనే కుంగి, పెద్ద చక్రాల నెత్తి మీద వాలి ఉంటుంది. ఆ వాలు రావాలంటే లోహాన్ని మించింది లేదు. షెర్మన్ ట్రాకు లోపల పిన్నుల చుట్టూ రబ్బరు బుష్‌లు ఉంటాయి, పైన రిటర్న్ రోలర్లు మోస్తాయి. అది దాదాపు తిన్నగా, బిగువుగా సాగుతుంది. నేను చిన్నచూపు చూసిన వినైల్ పట్టీకి ఆ తిన్నదనం పుట్టుకతోనే ఉంది. టైగర్‌కి చెప్పిన గుణాన్ని షెర్మన్‌కి అంటగట్టి, దానికోసం అన్ని గంటలు తీగలు దూర్చాను.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. ట్రాకు ముఖం, అంటే నేలకి తగిలే వైపు. షెర్మన్‌కి నున్నటి రబ్బరు దిమ్మెలున్న టీ51 ఉంది, వి ఆకారపు రబ్బరు గాట్ల టీ48 ఉంది, మూడు ఉక్కు పట్టీల టీ49 ఉంది, ఉక్కు వి గాట్ల టీ54ఈ1 ఉంది. ఉక్కువి అన్ని ఎందుకు వచ్చాయి? 1942 తొలినాళ్లలో జపాన్ మలయానూ డచ్ ఈస్ట్ ఇండీస్‌నూ ఆక్రమించడంతో అమెరికాకి సహజ రబ్బరు రావడం కష్టమైంది. అదే జపాన్ దండయాత్ర బర్మానీ మింగింది. అందుకే దక్కన్ హార్స్ అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. ట్యాంకు కింద రబ్బరు ఉందా, ఉక్కు ఉందా అన్న ప్రశ్నకీ, ఆ ట్యాంకు మెయిక్‌టీలా దారిలో ఎందుకుందన్న ప్రశ్నకీ మూలం ఒకటే. ఇంత కథ ఉన్న వస్తువుని నేను, గాట్లు గంభీరంగా కనిపించాయని ఎంచుకున్నాను.

ఫొటో లేదని కూడా అనలేను. 1945 మార్చి 29న మెయిక్‌టీలా దారిలో దక్కన్ హార్స్ షెర్మన్ ఒకటి ఏనుగుకి ఎదురుపడిన ఫొటో లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. జపాన్ వాళ్ల చేతిలోంచి అప్పుడే విడిపించిన ఏనుగు అది. ఆ బొమ్మని ఎన్నిసార్లు చూశానో! ఏనుగుని చూశాను, జవాన్లని చూశాను, రంగు వెలిసిన తీరు చూశాను. బండి కింద ఏముందో చూద్దామని మాత్రం ఒక్కసారీ తోచలేదు. ట్రాకు అరిగిపోయే వస్తువు, డిపోలో ఏది దొరికితే అది తొడుగుతారు. అందుకే పుస్తకంలోని పట్టికని నమ్మి లాభం లేదు. ఫలానా బండిని, ఫలానా నెలలో తీసిన ఫొటోనే చూడాలి. ఫొటోలో బురద కప్పేస్తే ఆ నెలలోదే ఇంకో ఫొటో వెతకాలి.

ఇప్పుడు ఆ ఐడ్లర్ చేతులకి ప్లాస్టిక్ ముక్కలు అతికించి పాత చోటికి తెచ్చాను. అతుకు కనిపిస్తూనే ఉంది, రంగు వేసినా కనిపిస్తుంది. కిట్‌లోని వినైల్ పట్టీనే తొడిగాను. 83 లింకులూ సరిగ్గా ఉన్నాయి, ట్రాకును తిప్పే స్ప్రాకెట్ చక్రం పళ్లలో కుదురుగా కూర్చుంది. వేరే కంపెనీ ట్రాకు కొనాల్సి వస్తే, ముందు ఆరేడు లింకులు కలిపి స్ప్రాకెట్ చుట్టూ తిప్పి చూస్తున్నాను. పళ్ల మధ్య దూరంలో పిసరంత తేడా ఉన్నా సగం చుట్టు తిరిగేసరికి లింకు పైకి లేచిపోతుంది.

తర్వాత కట్టాలనుకుంటున్నది 1965 సెప్టెంబర్లో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకులని ఎదుర్కొన్న దక్కన్ హార్స్ షెర్మన్. అదే పటాలం, కానీ ఇరవై ఏళ్ల తర్వాత, పంజాబ్ చెరకు తోటల్లో. బర్మా నాటి ట్రాకులే ఉంటాయని ముందే అనుకోవడం లేదు. కిట్ కూడా ఇంకా కొనలేదు. ఫొటోలు వెతుకుతున్నాను.