చెక్క బోనుకు సంతోషిణీ వ్యాఖ్య

మూలము

గోడ వెంట నడచు కొంటె చుండెలుకకు
చెక్క బోను నోరు చేర్చి పెట్టి
శనగ గింజ యంత చాలు లడ్డు పలుకు
తెల్లవారు జాము తీయవలయు

అవతారిక

ఈ ఆటవెలది ఏ ప్రబంధంలోదీ కాదు. హైదరాబాదు సంతోష్‌నగర్‌లోని ఒక పాత కాలనీ ఇంట్లో, బియ్యం డబ్బా మూత అంచు కొరికేసి కనిపించిన ఒక ఉదయాన, గృహస్థు అవసరం కొద్దీ పుట్టింది. గణాలు సరిపోయాయి, యతులు నిలిచాయి, ఎలుకలు తగ్గాయి. ఈ మూడోదాన్ని లాక్షణికులు పద్యలక్షణాల్లో చేర్చలేదు. చేర్చి ఉండాల్సింది.

నాలుగు పాదాల పద్యానికి ఇంత వ్యాఖ్య ఎందుకంటారా? కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. మనకు దగ్గరి జిల్లావాడే. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన పూనిక. అందులో మొదటి సగానికి నేనూ కట్టుబడి ఉంటాను. వ్యాఖ్యకు మా పేట పేరు మీద సంతోషిణి అని పేరు పెట్టాను. సంతోషం ఇంటివాళ్లది, ఎలుకలది కాదు.

ప్రతిపదార్థము

గోడ వెంటన్ = వంటింటి గోడ మొదలంటా, చప్టా కిందుగా, గ్యాసు సిలిండరు వెనకగా; నడచు = రాత్రి పదకొండు దాటాక రోజూ అదే దారిన పోయివచ్చునట్టి; కొంటె = కాగితం, బట్ట, వైరు, పసుపుకొమ్ము అనే తేడా లేక కొరుకునట్టి; చుండెలుకకున్ = ఇరవై గ్రాములకు అటూ ఇటూ తూగుచు, ఆరు మిల్లీమీటర్ల సందులో దూరిపోవు చిన్న ఎలుక కొరకు; చెక్క బోను నోరు = పలకకు ఎర రేకు ఉన్న కొసను; చేర్చి పెట్టి = (గోడకు) ఆనించి ఉంచి; శనగ గింజ యంత = అంతకు మించకుండ; లడ్డు పలుకు = లడ్డూ నుంచి రాలిన ఒక్క బూందీ; చాలు = చాలును; తెల్లవారు జామున్ = పాలవాడు రాకముందే; తీయవలయున్ = తీసివేయవలెను. ఎవరు తీయాలన్నది చివర చర్చిస్తాను.

తాత్పర్యము

ఎలుక నడిచే దారి చూసి, గోడకు అడ్డంగా బోను పెట్టి, కాస్తంత ఎర అంటించి, పొద్దున్నే తీసేయమని భావము.

విశేషములు

పద్యానికి ప్రాణం మొదటి పాదంలో ఉంది. లోకమంతా మాట్లాడేది మాత్రం మూడో పాదం గురించి. బోను కొన్నానని తెలియగానే ప్రతివాడూ ఎర పండితుడే. మిర్చి బజ్జీ పెట్టమని పైవాటావాళ్లు, ఎండుకొబ్బరి కాల్చి పెట్టమని మేనత్త, ఉస్మానియా బిస్కట్టుకు మించింది లేదని చాయ్ హోటల్లో పరిచయస్తుడు. కార్టూన్లు చూసి పెరిగిన పిల్లలు జున్ను అంటారు. చుండెలుక గింజలు తినే జాతి. తీపి, పల్లీల జిడ్డు ఉంటే జున్ను వైపు తొంగి చూడదు. అయినా ఇదంతా రెండో విషయం. పంచభక్ష్యాలు పెట్టినా గది నడుమ పెట్టిన బోను ఖాళీగానే ఉంటుంది.

కారణం చుండెలుక చూపులో ఉంది. దూరపు వస్తువు దానికి సరిగా ఆనదు. మీసాలూ ఒంటి వెంట్రుకలూ గోడకు రాసుకుంటూ, ఆ స్పర్శే దారిగా పోతుంది. నేల నడుమకు రావడమంటే దానికి ప్రాణగండం. అందుకే నిన్నటి దారే నేడూను. టార్చి పట్టుకుని వంగి చూస్తే గోడ మొదట్లో, సున్నం మీద, సన్నటి జిడ్డు చార కనిపిస్తుంది. దాని పొడవునా నల్లజీలకర్ర చల్లినట్టు పెంటికలు. అవి ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడే బోనుకు ముహూర్తం. పైగా చుండెలుక గూటి నుంచి పది మీటర్లు దాటి పోవడం అరుదు. సిలిండరు వెనక కాపురముండేది ఆ వంటింట్లోనే తింటుంది, ఆ వంటింట్లోనే పడాలి. హాల్లో సోఫా కింద బోను పెట్టి పడలేదని వాపోయేవారు మొదటి పాదం చదవనివారు.

‘నోరు చేర్చి’ అన్న మాటలో కొలత ఉంది. పలకను గోడకు సమాంతరంగా పెడితే స్ప్రింగు వైపు నుంచి వచ్చే ఎలుక దాన్ని ఎక్కి దాటిపోగలదు. గోడకు అడ్డంగా, ఎర రేకు గోడను తాకేలా పెడితే ఎటునుంచి వచ్చినా ముందు రేకే తగులుతుంది. చోటు లేక సమాంతరంగా పెట్టక తప్పకపోతే రెండు బోనులు వీపులు కలిపి, నోళ్లు చెరోవైపు ఉండేలా పెట్టాలి. ‘గోడకు’ అనే మాట రెండో పాదంలో లేదు కదా అని ఆక్షేపించకండి. మొదటి పాదం నుంచి తెచ్చుకోవాలి. దీన్ని అనువృత్తి అంటారు.

‘బోను’ ఏకవచనమే, కానీ జాత్యేకవచనం. ఒక్క బోను కొని ఊరుకొమ్మని కవి హృదయం కాదు. రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున, మొదటి రాత్రే అరడజను పెట్టాలి. ‘చుండెలుకకు’ కూడా జాత్యేకవచనమే. ఒకటి కంటబడిందంటే వెనక సంసారముంది. ఇరవై రోజుల గర్భం, కాన్పుకు అయిదారు పిల్లలు, ఆ పిల్లలు నెలన్నరకల్లా పిల్లల్ని కనడానికి సిద్ధం. రోజుకొక బోను చొప్పున తీరిగ్గా యుద్ధం చేసేవాడు లెక్కలోనే ఓడిపోతాడు. ఇక పెద్ద ఎలుక సంగతి వేరు. అది కొత్త వస్తువును రోజుల తరబడి అనుమానిస్తుంది, చుండెలుకకు కొత్తదంటే వేడుక. పందికొక్కుకైతే ఈ పలక లెక్కే కాదు. మోరీలోంచి వచ్చేది అదైతే ఈ పద్యం పనిచేయదు, వేరే పద్యం రాసుకోవాలి.

‘శనగ గింజ యంత’. పెద్ద ముక్క పెడితే ఎలుక అంచు పట్టుకుని లాక్కుపోతుంది, రేకు కదలదు. చిన్నది అంటించాలి, కుదిరితే దారంతో ఒక చుట్టు కట్టాలి. అప్పుడు అది పీకుతుంది, పీకితే మీట జారుతుంది. మా పేటకు దగ్గరి బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. అంతటి లడ్డూలోదైనా ఇక్కడ అక్కరకొచ్చేది ఒక్క బూందీయే.

బోను స్వరూపం చెప్పనిదే వ్యాఖ్య పూర్తి కాదు. సంతోష్‌నగర్ చౌరస్తా వైపు సామాన్ల దుకాణంలో చూహేదాన్ అంటే జాలీ పెట్టె చేతికిస్తారు. లకడీవాలా అనాలి. అరచేతిలో పట్టే చెక్క పలక, నడుమ చుట్లు తిరిగిన స్ప్రింగు, దానికి బిగిసిన చదరపు కమ్మీ, ఒక పొడుగు తీగ, కొసన ఎర రేకు. అంతే సరంజామా. ఎర ముందు పెట్టాలి, స్ప్రింగు తరవాత ఎక్కించాలి. ఈ వరస తప్పితే తొలి బలి చూపుడువేలే. బొటనవేలితో కమ్మీని వెనక్కి వంచి అదిమిపట్టి, దాని మీదుగా తీగను తెచ్చి, తీగ మొనను రేకు కొక్కేనికి వెంట్రుకవాసిలో తగిలించి, వేలు మెల్లగా తీయాలి. ఆ క్షణాన ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.

పక్కనే కంచన్‌బాగ్. 1988లో పరీక్షించిన పృథ్వి, 1989లో పరీక్షించిన అగ్ని క్షిపణులు అక్కడి డీఆర్‌డీఎల్ శాస్త్రవేత్తల చేతిలో రూపుదిద్దుకున్నవే. వారి మధ్య బతుకుతూ 1894 నాటి యంత్రంతో సరిపెట్టుకుంటున్నామన్న సిగ్గు మాకు లేదు. ఆ ఏడాది అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు విలియం హుకర్ దీనికి పేటెంటు పొందాడు. 1897లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జేమ్స్ హెన్రీ ఆట్కిన్‌సన్ అనే ఇనుపసామాన్ల వర్తకుడు తన నమూనా తెచ్చాడు. అదే 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా గుట్టు పట్టాడు. ఒకే ఏడు, రెండు ఇంటి శత్రువులు. దోమకు ఇంతవరకు ఇంత తేలికైన యంత్రం రాలేదు.

ధ్వని విచారము

కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు ఆనందవర్ధనుడు. ఈ పద్యంలో చంపడమన్న మాట ఎక్కడా లేదు, గమనించండి. మూడో పాదంలో లడ్డూ ఉంది, నాలుగో పాదంలో తెల్లవారింది. నడుమ జరిగింది వ్యంగ్యం. అర్ధరాత్రి వంటింట్లోంచి ఠప్పుమని వినవచ్చేదే ఆ ధ్వని. సహృదయులు పక్కమీద అటు ఒత్తిగిలి పడుకుంటారు.

పూర్వపక్షము

“గణపతి బండిని సంపుతవా బిడ్డా?” అని పక్కింటి పెద్దమ్మ. ఆక్షేపణ గట్టిది, తోసిపుచ్చరాదు. జాలీ బోనులో పట్టి దూరంగా వదిలితే సరి కదా అని ఆమె పక్షం. సందు చివర వదిలితే ఇంకొకరి వంటింట్లో దూరుతుంది. ఎక్కడో తెలియని చోట వదిలితే గూడూ దారీ లేక కాకికో పిల్లికో దొరుకుతుంది. పాపం తప్పదు, మన కళ్ల ముందు జరగదంతే.

సమాధానము. బజారులో దొరికే తక్కిన మార్గాలు చూడండి. జిగురు అట్ట మీద అంటుకున్న ఎలుక రాత్రంతా, ఒక్కోసారి మర్నాడంతా, చర్మం ఊడేలా గింజుకుని ఆకలితో చస్తుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టాన్ని చూపి జిగురు అట్టలు వద్దని భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకు రాసింది, 2011లోనూ 2020లోనూ. విషపు బిళ్ల తిన్నది వెంటనే పోదు. రక్తం గడ్డకట్టక మూడు నాలుగు రోజులు లోపల్లోపలే కారి, అటక మీదో గోడ బొక్కలోనో పోతుంది, వారంపాటు వాసన మనకు. దాన్ని తిన్న గుడ్లగూబకూ పిల్లికీ ముప్పే. పసిపిల్లలున్న ఇంట్లో పచ్చ భాస్వరం పేస్టు సంగతి తలచుకుంటేనే వణుకు, దానికి విరుగుడు లేదు. వీటి నడుమ సరిగా పెట్టిన చెక్క బోను మెడ మీద పడితే రెప్పపాటు పని. బలహీనమైన స్ప్రింగున్న చవక బోను తోకో కాలో పట్టి వదిలేస్తుంది. పదో ఇరవయ్యో ఎక్కువైనా గట్టిదే కొనడం దయ.

ఎలుకను ఉండనిద్దాం అనే పక్షం కూడా ఉంది. దానికి జవాబు ప్లేగు. 1911లో ఈ నగరానికి ప్లేగు వచ్చింది. అంతకు ముందటి 1908 మూసీ వరదా ఈ ప్లేగూ కలిసే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పుట్టించాయి. ఎలుక మీది గెంతే పురుగుల (ఫ్లీల) ద్వారా ప్లేగు వ్యాపిస్తుందని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అప్పటికే చూపించాడు. పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. “అయితే గణేశ్ నవరాత్రులు అయినంక పెట్టు” అంది. ఆ మినహాయింపు మా ఇంట్లో అమల్లో ఉంది.

ఊనపూరణము

మూలంలో లేనిది ఒకటి చెప్పక తప్పదు, పూనికకు భంగమే అయినా. బోను ఉన్న ఎలుకను పడుతుంది, రాబోయేదాన్ని ఆపదు. సింకు గొట్టం గోడలో దూరే చోట, తలుపు కింద, కిటికీ జాలీ మూలన పెన్సిలు పట్టే సందు ఉంటే చాలు. అందులో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయాలి. వట్టి గుడ్డలు కుక్కితే గూటికి పరుపు ఇచ్చినట్టే. బియ్యం, పప్పు రేకు డబ్బాల్లోకి మారాలి. కుక్క గిన్నె రాత్రి ఖాళీ చేయాలి. కవి వీటిని ఎందుకు వదిలాడంటే నాలుగు పాదాల్లో చోటు లేక.

తీయవలయు

ఈ క్రియకు కర్త లేడు, కర్మ కూడా లేదు. కర్మ ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి దోషం కాదు. చేతికి తొడుగు వేసుకుని, బోను మీద పలచగా బ్లీచింగు నీళ్లు చల్లి, ఎలుకను కవరులో వేసి మూతి బిగించి, చెత్తబండిలో వేయాలి. పెంటికలను పొడిగా ఊడ్చకూడదు, తడిపి తుడవాలి. బోనును మాత్రం కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఎలుక వాసన ఇంకో ఎలుకను బెదరగొట్టదు.

కర్త విషయంలోనే మా ఇంట్లో మతభేదం. మగవాళ్ల పని అని ఒక పక్షం, ఎవరు ముందు లేస్తే వాళ్లని రెండో పక్షం. రెండోది నాది. ఉభయ పక్షాలూ విని మా ఆవిడ తీర్పు చెప్పింది. పద్యానికి కర్త ఎవరో వాడే క్రియకు కూడా కర్త అని. వ్యాకరణంలో దీనికి ఆధారం వెతికాను, దొరకలేదు. చేతి తొడుగుల పెట్టె ఇప్పుడు నా బీరువాలో, బనియన్ల పక్కన ఉంటోంది.