మా రోజుల్లో ర్యామ్‌కీ జోడీ చూసేవాళ్లం

ఇప్పటి పిల్లలకు ర్యామ్ అంటే స్లాటులో టక్కుమని కూర్చునే ముక్క. కూర్చుందా, తెర వెలిగిందా, ఇక చేతులు దులుపుకుని ఫోన్‌పే స్కానర్ ముందుకు జరుపుతారు. పక్కన అప్పటికే ఉన్న ముక్క ఏ జాతిదో, ఎంత వేగానిదో చూసే ఓపిక ఎవరికీ లేదు.

ఈ సంగతి వరికోతలప్పుడు బయటపడుతుంది. మిర్యాలగూడలో కోతల సీజన్లో వేబ్రిడ్జి కంప్యూటర్ ఆగిందంటే ధాన్యం ట్రాక్టర్లు మిల్లు గేటు దాటి రోడ్డెక్కుతాయి. మొన్న ఒక మిల్లు నుంచి అట్లాగే కబురొచ్చింది. "మెషీన్ స్లో ఉంది సేటూ, ర్యామ్ పెంచితే సరిపోద్ది" అని ఎవరో కుర్రాడు పాత 4 జీబీ డీడీఆర్3 పక్కన ఇంకో 4 జీబీ పెట్టిపోయాడట. ఆనాటి నుంచి కాంటా మీద బండి ఉండగానే నీలం తెర! మూత తీస్తే లోపల ముందు ఊకదుమ్ము, దాని కింద రెండు ర్యామ్‌లు. ఒకదాని లేబుల్ మీద 10600, రెండోదాని మీద 12800. అంటే 1333 ఒకటి, 1600 ఒకటి. ఒకటి ఒకవైపే చిప్పులున్నది, రెండోది రెండువైపులా ఉన్నది. మెమ్‌టెస్ట్ పెట్టి చూశాను. విడివిడిగా రెండూ మంచివే, కలిపి పెడితేనే తప్పులు. "రెండూ 4 జీబీయే కదా అంకుల్" అంటాడు ఆ కుర్రాడు ఫోన్లో. వరసైన వాళ్లంతా ఒక్క ఇంట్లో ఇమడగలరా నాయనా?

ప్రతి ర్యామ్ మీదా ఒక చిన్న చిప్పు ఉంటుంది. తన వేగమెంత, టైమింగులేంటి అన్న జాతకమంతా అందులో రాసి ఉంటుంది. బోర్డు లేవగానే రెండు జాతకాలూ చదివి, ఇద్దరికీ కుదిరే వేగం ఎంచుకుంటుంది. అది ఎప్పుడూ నెమ్మదిదాని వేగమే. దూడెద్దుకు ముసలెద్దును జోడీ కడితే నాగలి ముసలెద్దు నడకే నడుస్తుంది. 2400 పక్కన 3200 పెడితే రెండూ 2400. ఆ 3200కు పోసిన డబ్బు చెరువులో పోసినట్టే. కుదిరితే ఇట్లా, కుదరకపోతే ఆ మిల్లు కథ.

మా రోజుల్లో ఈ గోల లేదు. తప్పు చేస్తే బోర్డు అక్కడే మొహం మీద చెప్పేది. 486 బోర్డులో 30 పిన్నుల సిమ్‌లు నాలుగు కలిపి పెట్టాలి, ఒక్కోటి 8 బిట్లే కాబట్టి. పెంటియం వచ్చాక 72 పిన్నులవి రెండేసి. ఒంటరిది పెడితే తెర వెలగదు, బీప్ బీప్ అని మొత్తుకుంటుంది. తరవాత 168 పిన్నుల ఎస్‌డీర్యామ్ వచ్చి, ఒక్క ముక్కతోనే బండి నడిచేసరికి అందరికీ బద్ధకం పట్టింది. అయినా చిక్కులు తక్కువా? ఇంటెల్ 430టీఎక్స్ బోర్డులో 64 ఎంబీ దాటి పెడితే పైది క్యాష్‌కు అందదు, వేగం పెరగాల్సింది తగ్గుతుంది. 440బీఎక్స్‌లో ఎనిమిదే పెద్ద చిప్పులున్న 256 ఎంబీ పెడితే సగమే చూపిస్తుంది. ఇవన్నీ తెలిసినవాడే మెకానిక్కు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో లగ్నపత్రికలు కొట్టే డీటీపీ షాపులవాళ్లకు కూడా ఇందులో సగం తెలుసు.

కావాల్సిన ముక్క కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోవాలి. పాత ర్యామ్‌ను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని రైలెక్కేవాళ్లం, బట్టల షాపుకు జాకెట్టు ముక్క పట్టుకుపోయినట్టు అని నా భార్య నవ్వేది. దానికి తగ్గదే తెచ్చేవాళ్లం. ధర కూడా అట్లాంటిది మరి. 1999 సెప్టెంబరులో తైవాన్‌లో భూమి కంపిస్తే ప్రపంచమంతా ర్యామ్ రేటు ఎగిరింది. అంత పోసి కొన్నదాన్ని ఏ ముక్క పక్కన పడితే ఆ ముక్క పక్కన ఎట్లా పెడతాం?

నిజం చెప్పాలంటే ఇప్పటి బోర్డులు మంచివే. 8 పక్కన 4 పెట్టినా ఇంటెల్ బోర్డు ఏదోవిధంగా సర్దుకుంటుంది, 4కు 4 జోడీ కట్టి మిగిలిన 4ను ఒంటరిగా నడుపుతుంది. ఈ మంచితనమే మనుషుల్ని చెడగొట్టింది. ఆన్‌లైన్లో చవగ్గా వచ్చిందని ఏఎండీ బోర్డులకే పనికొచ్చే డీడీఆర్3 తెచ్చి ఇంటెల్ బోర్డులో గుచ్చుతారు, డిస్‌ప్లే రాకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను తిడతారు. డీడీఆర్4, డీడీఆర్5 రెంటికీ 288 పిన్నులే, గాటు మాత్రం వేరే చోట. అది చూడకుండా బొటనవేళ్లతో అదిమి స్లాటు విరగ్గొట్టినవాళ్లూ ఉన్నారు. ఇక సన్నపు ల్యాప్‌టాపులంటారా, చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి పంపుతున్నారు. జోడీ బాధ లేదు, పెంచుకునే ఆశా లేదు.

2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఊడ్చుకుపోతుంటే రేట్లు మళ్లీ ఆకాశానికెక్కాయి. మైక్రాన్ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తామని ఆ డిసెంబరులో ప్రకటించింది. దాంతో నా రేకుడబ్బాలోని పాత ముక్కలకు సూర్యాపేట, కోదాడ నుంచి కూడా బేరాలు మొదలయ్యాయి. ఇస్తాను, ఎందుకివ్వను! ఒకటే షరతు, ముందు మీ మెషీన్లో ఉన్నదాని లేబుల్ చదివి వినిపించాలి. నిన్న ఒకడు ఫోన్లో చాలాసేపు వెతికి, గొంతు సవరించుకుని చదివాడు: "మేడ్ ఇన్ కొరియా." అంతే, అక్కడితో ఆపేశాడు.