దూలానికి వేలాడే కోడి

1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతి. కోడిని వండడు. దూలానికి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం లాగిస్తాడు. జనం పడీ పడీ నవ్వారు. నలభై ఏళ్ళు తిరక్కుండానే అదే పద్ధతిలో మనకి విస్తరి వేసే కంపెనీలు వస్తాయని జంధ్యాల అనుకుని ఉండరు. టీవీ పెట్టండి. వరసగా పోస్టర్లు. ఎంతసేపు చూసినా పైసా అడగరు. నొక్కితే మాత్రం ఇంకో ప్లాన్ కట్టాలి.

పండక్కి ఇంటిల్లిపాదీ చేరి ఆ సినిమానే చూద్దామన్నారనుకోండి. మొదటి గండం రిమోట్. బాణం గుర్తు నొక్కుకుంటూ ఒక్కో అక్షరం ఏరాలి, అదీ ఇంగ్లీషులో. ‘పెళ్ళంట’లో ఎల్లు ఒకటా, రెండా? పక్కన హెచ్చు ఉంటుందా? ఇంటినిండా బీటెక్కులున్నా ఏకాభిప్రాయం కుదరదు. “నోటితో చెప్పు తాతయ్యా, అదే వెతుకుతుంది” అని మనవరాలు రిమోట్ మూతి దగ్గర పెడుతుంది. తాతగారు గొంతు సవరించుకుని “అహ నా పెళ్ళంట” అంటారు. మర్నాటి నుంచి ఆయన ఫోన్‌కి పెళ్ళి సంబంధాల ప్రకటనలు. బామ్మగారి విచారణ వేరే.

పేరు దొరికినంత మాత్రాన సినిమా దొరికినట్టు కాదు. 2011లో అల్లరి నరేశ్ సినిమా ఒకటి అదే పేరుతో వచ్చింది. 2022లో రాజ్ తరుణ్ వెబ్ సిరీస్. అసలా పేరే ‘మాయాబజార్’ పాటని గుర్తుచేసేది కాబట్టి మధ్యలో సావిత్రి కూడా వచ్చి ఆడి వెళతారు (ఇది మాత్రం లాభమే). పైగా ‘ఆహా’ పేరుతో ఓటీటీయే ఉంది.

పాత సినిమా ఓటీటీలో దొరకడానికి ఎందుకీ తిప్పలంటే, తెలుగులో శాటిలైట్ చానళ్ళు వచ్చిందే 1995లో. అంతకు ముందు రాసుకున్న కాగితాల్లో ఓటీటీ ఊసు ఎక్కడుంటుంది? పాత సినిమాలకి నెగెటివ్ ఒకరి దగ్గర, టీవీ హక్కులు ఇంకొకరి దగ్గర, పాటలు ఆడియో కంపెనీ దగ్గర ఉండటం మామూలే. అన్నీ కలిసొచ్చి ఒక యాప్‌లోకి ఎక్కినా, గడువు తీరగానే చెప్పాపెట్టకుండా దిగిపోతుంది. మీరు కట్టిన ఏడాది చందా మాత్రం అక్కడే ఉంటుంది.

యూట్యూబ్ ఉందిగా అంటారు. ఉంది. అక్కడ పాత కామెడీల్ని ఎక్కించే మహానుభావులు వీసీడీ ప్రింటు మూలన తమ లోగో అతికించి, వెడల్పు తెరకి సరిపోవాలని పైనా కిందా కత్తిరిస్తుంటారు. ఈ సినిమాకి గనక ఆ వైద్యం జరిగితే లక్ష్మీపతి మిగులుతాడు, కోడి పోతుంది.

నన్నడిగితే లక్ష్మీపతే నయం. కోడిని చూపించి నెలనెలా డబ్బు గుంజలేదు.

మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కులు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1962 నాటి ‘గుండమ్మ కథ’కి 2022తో తీరిపోయాయి. ‘అహ నా పెళ్ళంట’కి 2047 డిసెంబరు 31 దాకా ఆగాలి. ఈలోగా వీసీడీ ఉన్నవాళ్ళు దయచేసి అటక మీంచి దింపండి. పనిచేసే ప్లేయర్ ఉన్నవాళ్ళు కూడా ఒకసారి చెయ్యెత్తండి.