నేతి బీరకాయకు లైసెన్సు

నేతి బీరకాయలో నెయ్యి ఉండదని తెలిసే కొంటాం కాబట్టి ఎవరికీ నష్టం లేదు. కానీ దాన్ని నెయ్యి డబ్బాల పక్కన పేర్చి, తొడిమ దగ్గర చీమ తలకాయంత అక్షరాలతో ‘ఇందులో నెయ్యి లేదు’ అని రాసి అమ్మితే ఏమనాలి? కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కలో 2025 అక్టోబరు దాకా అది నిబంధనల ప్రకారం వ్యాపారం. తీపి పానీయాలకు ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టడం జనాన్ని తప్పుదోవ పట్టించడమేనని 2022 ఏప్రిల్‌లో గుర్తించిన ఆ సంస్థ, జూలై వచ్చేసరికి మెత్తబడింది. ట్రేడ్‌మార్కులో ఆ మూడక్షరాలు ఉంచుకోవచ్చు, కాకపోతే ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదని కూడా అచ్చు వేయాలి అంది. పేరేమో ఔనంటుంది, షరతేమో కాదంటుంది, లైసెన్సు రెండింటికీ కలిపి ఒకటే. ఇంత చక్కటి సూత్రాన్ని మిగతా శాఖలు ఎందుకు వదిలేశాయో తెలియదు. బోర్డు మీద ‘డాక్టర్’ అని నిలువెత్తున రాయించి, అడుగున ‘వైద్యం చదవలేదు’ అని సన్నగా చేర్చుకునే వీలు కల్పిస్తే దేశంలో వైద్యుల కొరత రాత్రికి రాత్రే తీరిపోయేది.

అసలు ఓఆర్‌ఎస్ అంటే దాహం తీర్చే పానీయం కాదు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినప్పుడు ఇచ్చే మందు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ముంచుకొచ్చి సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు, బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఇందులో మహిమ అంతా కొలతదే. ఇప్పటి ఫార్ములాలో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. పేగు ఉప్పునూ నీటినీ లోపలికి లాక్కోవడానికి ఆ మాత్రం గ్లూకోజ్ చాలు. చక్కెర దానికి ఎన్నో రెట్లు పెరిగితే కథ అడ్డం తిరిగి, ఒంట్లోని నీరే పేగులోకి వచ్చి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. అంటే ఎవరికోసం ఆ పేరు పుట్టిందో ఆ రోగులకే ఆ డబ్బా చేటు.

కంపెనీల వాదన కూడా వినాలి. మా సరుకు విషం కాదు, ఆరోగ్యవంతులు తాగొచ్చు అంటారు. నిజమే, పళ్లరసమని అమ్ముకుంటే ఎవరికి అభ్యంతరం? పేరు మారిస్తే కోట్లు నష్టపోతాం అంటారు. డబ్బాలో ఉన్నది చుక్క కూడా మారకుండా, మూడక్షరాలు తీసేసినంత మాత్రాన కోట్లు పోతాయంటే, ఇన్నాళ్లూ అమ్ముడుపోయింది ఏమిటో వాళ్లే చెప్పినట్టయింది. లేబుల్ చదువుకోవడం కొనేవాడి బాధ్యత కాదా అంటారు. అర్ధరాత్రి వాంతులు చేసుకుంటున్న బిడ్డను భుజాన వేసుకుని మందుల షాపుకు వచ్చిన తల్లి ఇంగ్లిషులో ఉన్న సన్నక్షరాలు చదివి, చక్కెర, ఉప్పు ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే ఆస్మొలారిటీ బేరీజు వేసి కొనాలన్నమాట. అలా చేయగల తల్లులే ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎందుకు, జీతాలు మిగిలేవి.

హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడి, తెలంగాణ హైకోర్టు గడప కూడా తొక్కాక, 2025 అక్టోబరు 14న 2022 జూలై నాటి ఆ వెసులుబాటు రద్దయింది. మూడు రోజులకే ఒక కంపెనీకి ఢిల్లీ హైకోర్టులో తాత్కాలిక ఊరట దొరికింది. నెలాఖరుకు అదీ పోయింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మాట మీద నిలబడిందని మెచ్చుకోవచ్చు, కాకపోతే పాత అనుభవం కాస్త ఆపుతోంది. పాల ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అని రాయడం తప్పుదోవ పట్టించడమేనని 2024 ఆగస్టు 21న ఉత్తర్వు ఇచ్చి, 26న వెనక్కి తీసుకున్నదీ ఈ సంస్థే. ఆ లెక్కన ఓఆర్‌ఎస్ ఉత్తర్వుది దీర్ఘాయుష్షే.