దురదల బాబాయిగారు

మనుష్యుడు జ్వరము తగిలినచో వైద్యుని యొద్దకు పోవును, గ్రహచారము తప్పినచో జ్యోతిష్కుని యొద్దకు పోవును. ఒడలు దురద పెట్టినప్పుడు మాత్రము ఎచటికి పోవలెనో తోచక, గోకికొనుచు, ఎవరిదో ఒకరి అరుగుమీద కూలబడును. ఆ అరుగు సాధారణముగా ఒక బాబాయిగారిదై యుండును.

మా వీధి బాబాయిగారు తాలూకా కచేరీలో ముప్పది సంవత్సరములు గుమాస్తాగిరి వెలగబెట్టి, పింఛను పుచ్చుకొన్న మరునాటినుండియే పరుల చర్మముపై దృష్టి సారించినవారు. ఎదుటివాడు మోచేయి ఒక్కసారి గోకికొన్న చాలు, చదువుచున్న పత్రిక మడిచి సంకలో ఇరికించుకొని, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, "ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి" అందురు. అట్లిచ్చిన చేయి యజమానికి తిరిగి దక్కుటకు అరగంటకు తక్కువ పట్టదు. దానిని రెండు చేతులతో ఒడిసిపట్టి, వెలుతురునకు త్రిప్పి, పాత దస్తావేజుమీది ముద్రను పరీక్షించు తీరున వ్రేలు వ్రేలును విడదీసి చూచుచు, తమ సర్వీసులో తాము చూచిన తహసీల్దారుల చర్మవ్యాధులన్నియు వరుసగా వర్ణించెదరు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ" అని పిన్నిగారు లోపలినుండి మందలించినచో, "కత్తిపీటే లేకపోతే కంద తరిగేదెవరే!" అని వారి ప్రత్యుత్తరము.

వారి నిదానశాస్త్రము మిక్కిలి సంక్షిప్తమైనది: వేడి చేసినది, కానిచో రక్తము చెడినది. అంచు పొంగి నడుమ తేరుకొని ఉంగరమువలె నుండు తామరయైనను, ప్రొద్దున లేచి మరునాటికి జాడలేకుండ అణగిపోవు దద్దుర్లైనను, వేసవి చెమటకాయలైనను వారికి భేదము లేదు. వంకాయ, గోంగూర, కోడిగ్రుడ్డు నిషిద్ధములు. ఔషధము వారి చొక్కా జేబులోనే యుండును. ఎన్నడో ఎవరో తెచ్చి యిచ్చిన చిన్న ట్యూబు, అడుగునుండి చాపవలె చుట్టబడినది. అందులో స్టిరాయిడు గలదు. తామరపై అది రాసిన మూడవనాటికి దురద శమించి, ఎఱుపు వాడి, రోగి వచ్చి నమస్కరించును. చర్మములోని బూజు మాత్రము ఆ చల్లని నీడలో నిశ్చింతగా ప్రాకి, నెల తిరుగునప్పటికి ఉంగరము కాస్తా వడ్డాణమగును.

అయినను న్యాయము చెప్పవలయును. అద్దెకున్న కుఱ్ఱవాని మెడవెనుక ఎఱ్ఱని పొక్కులు లేచినపుడు, చొక్కా కాలరు త్రిప్పి, చాకలి గుర్తుకు పెట్టిన నల్లజీడి మరక దానికి కారణమని పట్టినది బాబాయిగారే. రెండవ ప్రపంచయుద్ధకాలమున మన దేశమునకు వచ్చిన పరదేశపు సైనికులను సైతము ఏడిపించిన మరక అది. ఆ ఒక్క విజయముతో వారి కీర్తి పక్క వీధికి ప్రాకినది. వారి అరుగు ఆసుపత్రియైనది.

గడచిన మార్గశిరమున మా వీధి యంతయు రాత్రులందు మేల్కొని యుండెను. భజన కాదు, గోకుడు. వ్రేళ్ల సందులు, మణికట్లు, నడుము, బొడ్డుచుట్టు. ప్రక్క వెచ్చబడిన కొలది దురద పెరిగెడిది. "చలికాలపు వేడి" అని బాబాయిగారు ఆ రెండు విరుద్ధపదములను నిస్సంకోచముగా సమాసము చేసిరి. తుదకు మేము నలుగురము సర్కారు ఆసుపత్రికి పోగా, అచటి డాక్టరమ్మ మా చేతులు తాకకయే రెండు ప్రశ్న లడిగినది: "రాత్రిపూట ఎక్కువా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" ఆ తరువాత వ్రేళ్ల నడుమ వెండ్రుకవంటి వంకరగీత నొకదానిని భూతద్దముతో చూచి, "గజ్జి" అన్నది. మిల్లీమీటరులో మూడవవంతు మాత్రముండు ఆడపురుగు చర్మమున సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టునట. ఇటలీ దేశపు బొనోమో 1687 నాటికే దీనిని సూక్ష్మదర్శినిలో చూచి లోకమునకు చాటెనట. ఆ లోకములో మా అరుగు చేరలేదు కాబోలు.

5 శాతము పెర్మెత్రిన్ లేపనము, మెడనుండి అరికాళ్లదాక, ఇంటిల్లిపాది ఒకేరాత్రి రాసికొని ప్రొద్దున స్నానము చేయవలెను. వారమునకు మరల నొకసారి. బట్టలు, దుప్పట్లు వేడినీట ఉతికి ఎండబెట్టవలెను. ఇట్లు చెప్పి ఆమె, "మొదటిసారి సోకితే దురద నాలుగు నుంచి ఆరు వారాలకు గాని బయటపడదు. ఊరికే తాకితే సాధారణంగా అంటుకోదు, చర్మానికి చర్మం చాలాసేపు తగలాలి. నెల క్రితం ఎవరైనా మీ చెయ్యి పట్టుకుని కూర్చున్నారా?" అన్నది.

మేము నలుగురమును ఒకరి మొగము లొకరు చూచికొంటిమి.

ఆ శనివారము రాత్రి వీధి వీధియంతయు లేపనము పూసికొన్నది. బాబాయిగారికి పిన్నిగారే దగ్గరుండి, పెండ్లికుమారునికి నలుగు పెట్టినట్లు, పట్టించినది. పురుగు చచ్చినను దురద రెండు మూడు వారములు నిలిచియుండునని డాక్టరమ్మ ముందే హెచ్చరించినది. కనుక మంగళవారము ప్రొద్దున అరుగుమీద వ్రేళ్ల సందులు గోకికొనుచున్న బాబాయిగారు నన్ను చూచి, "చూశావుటోయ్, ఇంగ్లీషు మందు! నిన్న మీ పిన్ని గోంగూర వెయ్యకుండా ఉంటే సరిపోయేది. నీకెలా ఉంది? ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి" అనిరి.

"హాయిగా ఉంది బాబాయిగారూ" అంటిని, రెండు చేతులును జేబులలో దోపుకొని.