అప్పటి రుచి

హైదరాబాద్ గాంధీనగర్‌లో గల్లీకొకడుంటాడు, హోటల్ పండితుడు. కొలువు నుంచి రిటైరయ్యాడు, షుగరుంది, ఇంట్లో చారూ అన్నమే. అయినా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా ఏ హోటల్లో ఏ వంటమాస్టరు మారాడో ఆయన దగ్గర లెక్కుంటుంది.

చుట్టాలొస్తే బావర్చి హోటల్‌కి తీసుకెళ్తాడు. ఊరంతా అదే పేరుతో బోర్డులున్నా అసలుది క్రాస్‌రోడ్స్‌దేనని దారిపొడవునా చెబుతాడు. తీరా ప్లేటు ఖాళీ చేసి, ఎముక కూడా చీకి, "బానే ఉందిలే. కానీ అప్పట్లో..." అంటాడు.

అశోక్‌నగర్ టిఫిన్ బండి దగ్గర గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు, యునెస్కో 2019లో హైదరాబాద్‌ను వంటకాల విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చిందన్న బిట్టును బట్టీ పడుతుంటే అడ్డు తగిలాడు.

"ఆ యునెస్కో వాళ్లు ఈ చట్నీ తిన్నారా? కొబ్బరేదీ ఇందులో? అంతా పుట్నాలపప్పే! తమ్ముడూ, ఇంకో గరిటె వెయ్యి."

చట్టాల్లోనూ దిట్ట. హోటళ్లు నీళ్ల సీసాను ఎమ్మార్పీ కన్నా ఎక్కువకు అమ్ముకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తేల్చేసరికి ఆయనకు అన్నం సహించలేదు. హోటళ్లు బిల్లులో సర్వీసు చార్జీని తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఆ పేపరు కటింగు జేబులో పెట్టుకుని చిక్కడపల్లి మెస్సులన్నీ తిరిగాడు. పోట్లాడదామంటే సర్వీసు చార్జీ అడిగే నాథుడే లేడు. ఆ చార్జీ వేసే హోటళ్ల కోసం జూబ్లీహిల్స్ దాకా వెళ్దామంటే ఆటో ఖర్చు.

బార్‌కైతే ఎవరైనా ప్రమోషన్ పార్టీ ఇస్తేనే. తాగేది నిమ్మకాయ సోడా, నమిలేది ఊరికే పెట్టే పల్లీలు. బిల్లు రాగానే పాఠం మొదలు: తందూరీ చికెన్ మీద 5 శాతం జీఎస్టీ, బీరు జీఎస్టీలోకే రాదు, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. అందుకే ఒకే బల్ల మీద రెండు లెక్కలు. పాఠం ముగిసేసరికి పార్టీ ఇచ్చినవాడు ఎప్పుడో డబ్బు కట్టేసి బండి తీస్తుంటాడు.

ఇన్ని వంకలు పెట్టేవాడు మూతపడ్డ హోటల్ని మాత్రం పల్లెత్తు మాట అనడు. అబిడ్స్‌లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు కూర్చున్న ఓరియంట్ హోటల్ పేరెత్తితే చాలు, కళ్లు మూసుకుని అక్కడి చాయ్‌ని వర్ణిస్తాడు. మఖ్దూం 1969లో పోయాడు. అప్పటికి ఈయన నిక్కర్లలో ఉన్నాడు.

మొన్న వాళ్ల గల్లీలో ఓ కర్రీ మెస్ మూసేశారు. తెరిచున్నన్నాళ్లూ "అది పప్పా, పసుపు నీళ్లా?" అన్న మనిషే, షట్టర్ దిగిన మర్నాటి నుంచి "ఆ పప్పు ఇక దొరకదయ్యా" అని అందరికీ చెప్పుకుని బాధపడ్డాడు. నెల తిరక్కుండానే ఆ ఓనరు రెండు వీధుల అవతల మళ్లీ తెరిచాడు. పండితుడు మొదటి రోజే వెళ్లాడు. అదే వంటమనిషి, అదే గిన్నె, అదే పప్పు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఓనరు వైపు జాలిగా చూశాడు.

"పాత మెస్‌లో పప్పు రుచే వేరబ్బా!"