కాబోయే డీకన్ గారు

ఒంగోలు చుట్టుపక్కల ఏ బాప్తిస్టు సంఘానికైనా ఓ ఆదివారం వెళ్ళి చూడండి. ఆరాధన పదిన్నరకైతే పదింటికే గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉంటాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చంకలో జిప్పు బైబిలు. వచ్చినవాళ్ళందరికీ చేతులు జోడించి "వందనాలండీ, ప్రైజ్ ది లార్డ్" అంటుంటాడు. ఆయన పాస్టరూ కాడు, వాచ్‌మనూ కాడు. పోయిన నెల దాకా పాటలన్నీ అయ్యాక, ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్న అదను చూసి లోపలికి జారుకున్న మనిషే. ఇప్పుడింత పెందలాడే వచ్చాడంటే సంగతి ఒకటే. సంఘంలో డీకన్ల ఎన్నిక దగ్గరపడింది.

సీఎస్‌ఐ వాళ్ళకు డీకన్ అంటే గురుత్వానికి ముందు మెట్టు. అక్కడ చదువూ, బిషప్పు గారి చేత అభిషేకమూ ఉంటాయి. బాప్తిస్టుల్లో అలా కాదు. ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం కాబట్టి విశ్వాసులే తమలోంచి ఎన్నుకుంటారు. బడిపంతులు, ఎల్‌ఐసీ ఏజెంటు, రిటైరైన ఆర్టీసీ కండక్టరు, ఎవరైనా కావచ్చు. జీతం ఉండదు. ప్రభువు బల్ల నాడు మాత్రం ముందు వరుసలో కుర్చీ ఉంటుంది. రొట్టె మీద కప్పిన తెల్లగుడ్డ మడతపెట్టే అధికారం, చిట్టి గ్లాసుల ట్రే పట్టుకుని వరుసల మధ్య మెల్లగా నడిచే గౌరవం ఉంటాయి. మనవాడికి ఆ నడక మీద మనసు పడింది.

పదవి కావాలని నోరు తెరిచి అడగడు. "మనకెందుకన్నా పదవులు? ప్రభువు చిత్తమైతే తప్పించుకోలేం గదా" అంటాడు. ఆ చిత్తమేమిటో కనుక్కోవడానికి రోజూ సాయంత్రం బండేసుకుని బజారు బజారూ తిరుగుతాడు. ఇదివరకు పిలిచినా పోని కుటుంబ ప్రార్థనలకు ఇప్పుడు పిలవకపోయినా హాజరు. జ్వరపడ్డ ముసలాయన మంచం పక్కన కూర్చుని స్వస్థత కోసం గట్టిగా ప్రార్థిస్తాడు. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ఆ ఇంట్లో ఎన్ని చేతులు లేస్తాయో లెక్క తేలిపోతుంది. స్త్రీల సమాజానికి కొత్త చాపలు వస్తాయి. కుర్రాళ్ళు వాయించే ప్యాడ్స్ మోత లోకసంబంధమైనదని నిన్నటిదాకా తిట్టినవాడు, "వాయించండి తమ్ముళ్ళూ, దావీదు మాత్రం వాయించలేదా" అంటాడు.

వంశ ప్రతిష్ఠ కూడా బయటికొస్తుంది. మిషనరీ క్లౌ దొర కాలంలో, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇది చరిత్ర. వాళ్ళలో తన తాతకు తాత మొదటి వరుసలో ఉన్నాడన్నది మనవాడి సాక్ష్యం. పోటీలో ఉన్నాయన తాతకు తాత అంతకన్నా ముందే మునిగి లేచాడట. ఎన్నికల ముందు చెప్పుకున్న తాతలందర్నీ కూడితే ఆ రోజు గుండ్లకమ్మలో జనానికే చోటు చాలదు, ఇక నీళ్ళెక్కడ పారాయో తెలీదు.

తర్వాత లేఖనం అడ్డొస్తుంది. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో డీకన్‌కు ఉండాల్సిన లక్షణాలన్నీ వరసగా ఉన్నాయి. మాట రెండు రకాలుగా ఉండకూడదు, తాగుడుకు దాసుడు కాకూడదు, డబ్బాశ ఉండకూడదు, భార్య ఒక్కతే ఉండాలి, పిల్లల్నీ ఇంటినీ చక్కగా ఏలుకోవాలి. మనవాడు ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చూసుకుంటాడు. పాస్టరుగారి ఎదుట ఒక మాట, వెనక ఒక మాట అన్న సంగతి నిజమే గానీ, అది పెద్దల పట్ల మర్యాద. మందు విషయంలో పౌలు కాదన్నది అతిగా తాగడాన్నే గదా అని అక్కడ కాసేపు ధ్యానిస్తాడు. డబ్బాశ సంగతి, ఉన్నవాళ్ళను అడగాలి. భార్య ఒక్కతే, ఇక్కడ మాత్రం పూర్తి మార్కులు. చిక్కంతా ఇంటిని ఏలుకోవడం దగ్గరే. పాస్టరుగారు ఇంటికొచ్చి టీ తాగుతూ మనవాడి భార్యను అడిగారు:

"ఏమ్మా, బ్రదర్‌గారు ఇంటి విషయాలు బాగా చూసుకుంటారా?"

"ఇంట్లో ఉంటే గదా అయ్యగారూ చూసుకోడానికి. మీకు పనికొస్తాడనుకుంటే సంఘానికే తీసుకోండి."

పాస్టరుగారు దాన్ని మంచి సాక్ష్యంగానే ఎంచారు.

ఆయన ఎంచడానికి వేరే కారణం ఉంది. మనవాడు ఏళ్ళ తరబడి సంఘానికి ఆస్థాన ఫిర్యాదుదారు. క్రిస్మస్ విందులో వెనక పంక్తికి ముక్కలు రాలేదని లేచింది అతనే. కానుకల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టరేమని నిలదీసింది అతనే. విధవరాళ్ళకు పంచిన చీరల్లో మంచి అంచులన్నీ తూర్పు బజారుకే పోయాయని పట్టుకున్నదీ అతనే. ఇలాంటివాణ్ణి ఏం చెయ్యాలో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఎప్పుడో చెప్పింది. డీకన్ల పుట్టుక అక్కడే అంటారు. యెరూషలేములో రోజూ పంచే భోజనం తమ విధవరాళ్ళకు అందడం లేదని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. వడ్డనకు ఏడుగురిని ఎన్నుకోమన్నారు అపొస్తలులు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే, సణిగినవాళ్ళ వైపు నుంచే మనుషుల్ని చూసి గరిటె చేతిలో పెట్టారన్నమాట. మన పాస్టరుగారు సెమినరీలో ఈ అధ్యాయం శ్రద్ధగా చదువుకున్నారు.

సర్వసభ్య సమావేశంలో చేతులు లేచాయి. మరుసటి ఆదివారం మోకాళ్ళూనిస్తే తల మీద చేతులుంచి ప్రార్థించారు. సందు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. సోమవారం పొద్దున్నే పాత డీకన్‌గారు వచ్చి చర్చి తాళాల గుత్తి చేతిలో పెట్టి, ఒక్కమాటైనా చెప్పకుండా, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు. ఆయన మొహంలో అంత ఆనందం క్రిస్మస్ నాడు కూడా ఎవరూ చూడలేదు.

తర్వాత తెలిసింది డీకన్‌గారికి, ట్రే పట్టుకుని నడిచేది నెలకొక్కసారని. బాప్తిస్మాలకు ముందురోజు రాత్రి మోటారు కాలుతుంది, తొట్టి నింపడానికి ట్యాంకరు వెతకాలి. ప్రసంగం మధ్యలో మైకు కూస్తుంది, అందరి తలలూ ఆయన వైపే తిరుగుతాయి. కానుకల సంచి బోర్లిస్తే చిల్లరా, సగం చిరిగిన నోట్లూ. లెక్క రెండుసార్లు రెండు రకాలుగా వస్తుంది, తేడా సొంత జేబులోంచి పడుతుంది. కోతకాలపు పండుగలో విశ్వాసులు తెచ్చిన ప్రథమ ఫలాలు వేలం వేస్తారు. పాట పెంచుదామని ఉత్సాహంగా అరిచిన ధరకు పైన ఎవరూ పాడరు. ఆ గుమ్మడికాయ ఆయన ఇంటికే వస్తుంది. వారం రోజులు ఇంటిల్లిపాదీ దాన్నే తింటారు. ఎవరైనా ప్రభువు పిలుపు అందుకుంటే పెట్టె, గొయ్యి, షామియానా, ఐసుబాక్సు, అన్నిటికీ మొదటి ఫోను డీకన్‌గారికే. పాస్టరుగారికి రెండోది.

బల్ల నాటి చిట్టి గ్లాసులు కడిగేది ఆయన పుట్టకముందు నుంచీ ఒక మామ్మగారు. బైబిల్లో కెంక్రేయ సంఘంలో పరిచర్య చేసిన ఫీబే గురించి ఏటా స్త్రీల ఆదివారం నాడు గొప్ప ప్రసంగం నడుస్తుంది. మామ్మగారు దాన్ని గ్లాసులు తుడుస్తూ వింటుంది. డీకన్ల జాబితాలో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఒకరోజు మన డీకన్‌గారు చేతులు కట్టుకుని నిలబడి చూస్తుంటే, "నిలబడే బదులు ఆ తుండు అందుకో నాయనా" అంది. అందుకున్నాడు. గ్లాసులు చాలా ఉన్నాయి. ఆ ఆదివారం ఇంటికి చేరేసరికి మూడైంది. అయినా ఆయన మొహంలో చికాకు లేదని భార్య గమనించింది, బయటికి మాత్రం అనలేదు.

క్రిస్మస్ వచ్చింది. తెల్ల చొక్కా మీద పులుసు మరకలతో, బిర్యానీ బకెట్టు మోసుకుంటూ డీకన్‌గారు పంక్తుల మధ్య పరుగెడుతున్నారు. వెనక నుంచి ఒక కుర్రాడు లేచి కేక పెట్టాడు: "ఏందండీ ఇది? ముక్కలన్నీ ముందు వరసలకేనా? అడిగేవాళ్ళు లేరా ఈ సంఘంలో?"

డీకన్‌గారు బకెట్టు కింద పెట్టారు. కోప్పడతాడేమోనని జనం చేతులాపి చూశారు. ఆయన ఆ కుర్రాణ్ణి తలనుంచి కాళ్ళదాకా తనివితీరా చూసుకుని, పాస్టరుగారి దగ్గరకెళ్ళి చెవిలో చెప్పారు:

"అయ్యగారూ, ఆ తమ్ముడికి సంఘం మీద మంచి భారం ఉంది. వచ్చే ఎన్నికల్లో వదలొద్దు."